‘మనకు రాదంట’ అన్నది ఏ డబ్బు గురించి?

2020 ఏప్రిల్ నెలాఖర్లో అమెరికాలోని తెలుగు విద్యార్థుల వాట్సాప్ గ్రూపుల్లో ఒక కబురు చక్కర్లు కొట్టింది. గవర్నమెంటు కాలేజీ పిల్లలకు డబ్బులిస్తోందంట, మనకు మాత్రం రాదంట.

కబురు అబద్ధమేమీ కాదు. కరోనా దెబ్బకు ఆ దేశం మార్చి 27న కేర్స్ చట్టం చేసింది. అందులో ఉన్నత విద్యకు సుమారు 1,400 కోట్ల డాలర్లు పెట్టారు. వాటిలో దాదాపు 628 కోట్ల డాలర్లు తిండికి, అద్దెకు, పుస్తకాలకు, లాప్‌టాప్‌కు, వైద్యానికి అత్యవసర సాయంగా విద్యార్థుల చేతికే అందాలి. ఎవరు అర్హులో చట్టం విడమరిచి చెప్పలేదు. ఏప్రిల్ 21న విద్యాశాఖ ఒక వివరణ ఇచ్చింది: ఫెడరల్ ఆర్థిక సాయానికి అర్హత ఉన్నవాళ్లకే ఈ డబ్బు. అంటే పౌరులు, గ్రీన్‌కార్డు ఉన్నవాళ్లు, ఇంకొద్దిమంది. ఎఫ్-1 విద్యార్థి వీసా మీద వచ్చినవాళ్లు బయటే. 2019-20 లెక్కల ప్రకారం ఆ దేశంలో భారతీయ విద్యార్థులు 1,93,124 మంది. ఒక్క పేరాతో వాళ్లలో దాదాపు అందరూ గీత అవతల పడ్డారు.

సరే, అక్కడితో ఆగితే ఇబ్బంది లేదు. ఆగలేదు. ‘ఆ డబ్బు రాదు’ అన్నది రెండు మూడు గ్రూపులు దాటేసరికి ‘ఏ డబ్బూ రాదు’గా మారిపోయింది. ఆ రోజుల్లో నలుగురు కుర్రాళ్లున్న ఏ అపార్ట్‌మెంట్‌లోనైనా ఇలాంటి మాటలు వినిపించేవి:

“ఒరేయ్, కాలేజీ వాళ్లు ఎమర్జెన్సీ ఫండ్ అని మెయిల్ పెట్టార్రా. అప్లై చేద్దామా?”

“మనకు రాదంట మామా. ఇంటర్నేషనల్ స్టూడెంట్స్‌కి లేదంట.”

“ఎవరన్నారు?”

“గ్రూపులో పెట్టారు. ఎవరో సీనియర్ అన్న.”

సీనియర్ అన్న చెప్పింది వాషింగ్టన్ నుంచి వచ్చిన డబ్బు సంగతి. మెయిల్‌లో ఉన్నది ఆ కాలేజీలో చదివి వెళ్లినవాళ్లు వేసిన చందాల సంగతి. ఒకదాని షరతు ఇంకోదానికి అంటదు. కష్టకాలంలో చెయ్యి చాచాల్సి వచ్చినప్పుడు ‘నాకు అర్హత ఉందా’ అని మొదలుపెట్టకండి, ‘ఈ డబ్బు ఎవరిది’ అని మొదలుపెట్టండి. డబ్బు ఎవరిదో తెలిస్తే షరతు ఎవరు పెట్టారో తెలుస్తుంది, ఎవర్ని అడగాలో తెలుస్తుంది. ఒకచోట ‘లేదు’ అన్నా రెండోచోటికి వెళ్లడానికి మొహమాటం ఉండదు. ఈ అధ్యాయం ఎక్కువగా 2020-21లో అమెరికాలో చదివిన మనవాళ్ల చుట్టూ తిరుగుతుంది. మనదేశంలో చదివేవాళ్ల సంగతి చివర్లో.

ఎవరి డబ్బు, ఎవరి షరతు

ఒక అమెరికన్ యూనివర్సిటీలో అత్యవసర సాయం ఒకే కిటికీ దగ్గర దొరకదు. ఫెడరల్ డబ్బు ఫైనాన్షియల్ ఎయిడ్ ఆఫీసు నుంచి వస్తుంది. చందాల నిధి సాధారణంగా డీన్ ఆఫ్ స్టూడెంట్స్ ఆఫీసు చేతిలో ఉంటుంది. దాని దరఖాస్తు ఒకటి రెండు పేజీలు మించదు. చాలాచోట్ల అది అడిగేది ఈ సెమిస్టర్‌లో మీరు చదువుతున్నారా, అనుకోని ఖర్చు ఏమొచ్చింది, ఎంత కావాలి అన్నంతవరకే. వీసా ఏమిటని అడగదు. కొన్నిచోట్ల మాత్రం ఫెడరల్ సాయానికి వేసే ఫాఫ్సా దరఖాస్తు ఉండాలంటారు. మనవాళ్లు ఫాఫ్సా వేయలేరు కాబట్టి ఆ తలుపు మూసినట్టే. అయినా అది ఆ నిధి షరతే తప్ప కాలేజీ మొత్తం షరతు కాదు.

మనవాళ్లలో ఎక్కువమంది ఎం.ఎస్. చదివేవాళ్లు. వాళ్లు తరచూ చేసే పొరపాటు ఒకటుంది. యూనివర్సిటీ వెబ్‌సైట్‌లో ముందు కనిపించేది డిగ్రీ పిల్లల కోసం పెట్టిన పేజీ. ‘అండర్‌గ్రాడ్యుయేట్ విద్యార్థులకు మాత్రమే’ అని చదివి కిటికీ మూసేస్తారు. చాలా యూనివర్సిటీల్లో గ్రాడ్యుయేట్ స్కూల్‌కు వేరే నిధి ఉంటుంది. విద్యార్థి సంఘానికి ఇంకోటి ఉండొచ్చు. డిపార్ట్‌మెంట్ చేతిలో చిన్న మొత్తం ఉండొచ్చు, అది ఏ పేజీలోనూ కనిపించదు. గ్రాడ్యుయేట్ కోఆర్డినేటర్‌కు మెయిల్ పెడితేనే బయటపడుతుంది. ప్రొఫెసర్‌ను అడగడానికి జంకుతాం గానీ, నిజానికి ఇలాంటివి కోఆర్డినేటర్‌కే బాగా తెలుస్తాయి.

ఇంటర్నేషనల్ స్టూడెంట్ ఆఫీసు అంటే వీసాకు ఆధారమైన ఐ-20 పత్రం మీద సంతకం పెట్టే చోటు అనే మనకు తెలుసు. సాయానికీ అది దారే. ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఇంటర్నేషనల్ ఎడ్యుకేషన్ అనే పాత సంస్థ 2010 నుంచి విదేశీ విద్యార్థుల కోసం ఒక అత్యవసర నిధి నడుపుతోంది. స్వదేశంలో భూకంపమో యుద్ధమో ఆర్థిక సంక్షోభమో వచ్చి ఇంటి నుంచి డబ్బు ఆగిపోయినవాళ్ల కోసం పెట్టిన నిధి అది. కరోనాలోనూ పనిచేసింది. దానికి విద్యార్థి నేరుగా దరఖాస్తు పెట్టుకోలేడు, కాలేజీయే పేరు పంపాలి. మీరు ఇబ్బందిలో ఉన్నారని ఆ ఆఫీసుకు తెలియకపోతే మీ పేరు ఎలా పంపుతుంది? అందుకే డబ్బు అడిగినా అడగకపోయినా, ‘నా పరిస్థితి ఇదీ’ అని ఆ ఆఫీసుకు ఒక మెయిల్ పెట్టి ఉంచండి.

కాలేజీలు ఈ డబ్బు ఎందుకిస్తాయో తెలిస్తే అడగడంలో సిగ్గు కొంత తగ్గుతుంది. అట్లాంటాలోని జార్జియా స్టేట్ యూనివర్సిటీ సంగతి చూడండి. కొన్ని వందల డాలర్ల ఫీజు బాకీ వల్ల, డిగ్రీ చివరిదాకా వచ్చిన పిల్లలు కూడా రిజిస్ట్రేషన్ రద్దయి వెళ్లిపోతున్నారని అక్కడివాళ్లు గమనించారు. 2011లో పాంథర్ రిటెన్షన్ గ్రాంట్లు మొదలుపెట్టారు. విద్యార్థి దరఖాస్తు పెట్టుకోనక్కర్లేదు. సిబ్బందే ఖాతాలు చూసి, చదువు బాగా సాగుతున్నవాళ్ల బాకీలో ఆ చిన్న మొత్తం జమ చేస్తారు. జాలితో చేసే పనే అయినా అందులో లెక్క కూడా ఉంది. విద్యార్థి వెళ్లిపోతే కాలేజీ పోగొట్టుకునేది ఆ తర్వాతి సెమిస్టర్ల ఫీజంతా. అత్యవసర నిధి అడిగేటప్పుడు ఈ సంగతి గుర్తుంచుకోండి. అవతలివాళ్లకూ మీరు అక్కడ ఉండటం కావాలి.

బయటి నుంచి వచ్చే సాయం సంగతి క్లుప్తంగా. తానా, ఆటా, నాట్స్ లాంటి తెలుగు సంఘాలున్నాయి. తానాలో టీం స్క్వేర్ పేరుతో ఆపద వేళ పలికే వలంటీర్ల బృందం ఉంది. తాత్కాలికంగా తలదాచుకునే చోటు, సరుకులు, ఆస్పత్రిలో తోడు లాంటివి వీళ్ల దగ్గర త్వరగా దొరుకుతాయి. ఫీజు కట్టమని మాత్రం అడక్కండి. భారత కాన్సులేట్ల చేతిలో 2009లో పెట్టిన సంక్షేమ నిధి ఉంటుంది. నిజంగా దిక్కులేని స్థితిలో బసకు, ఇంటికి చేరే టికెట్టుకు అది ఆదుకుంటుంది. అంతకుమించి ఆశించకండి.

ముందు ఏ చిల్లు పూడ్చాలి

2020 మార్చిలో క్యాంపస్‌లు మూతపడ్డాయి. డైనింగ్ హాల్లో గిన్నెలు తోమే పని, లైబ్రరీ కౌంటర్ పని, జిమ్‌లో కార్డులు చూసే పని చాలాచోట్ల ఒకే వారంలో పోయాయి. అవే మనవాళ్ల నెల ఖర్చుకు ఆధారం. వారానికి 20 గంటలు, గంటకు 9 డాలర్లు అనుకుంటే నెలకు 720 డాలర్లు. అప్పుడు డాలర్ 75, 76 రూపాయల దగ్గర ఉంది. ఆ 720 పూడ్చాలంటే ఇంటి నుంచి నెలనెలా యాభై నాలుగు వేలు రావాలి. ఇంటి దగ్గరేమో లాక్‌డౌన్, నాన్న కొట్టు షట్టర్ కిందికి దిగి ఉంది.

చేతిలో ఉన్న కొద్ది డబ్బు ఎక్కడ పెట్టాలన్నప్పుడు చాలామంది ముందు అద్దె కడతారు, ఎందుకంటే ఇంటి యజమాని ఫోన్ చేస్తాడు. యూనివర్సిటీ ఫోన్ చేయదు, ఖాతా మీద ‘హోల్డ్’ పెట్టి ఊరుకుంటుంది. హోల్డ్ పడితే వచ్చే సెమిస్టర్‌కు రిజిస్ట్రేషన్ జరగదు. రిజిస్ట్రేషన్ లేకపోతే ఎఫ్-1 విద్యార్థికి అది స్టేటస్ సమస్య అవుతుంది. అమెరికన్ క్లాస్‌మేట్‌కు ఒక సెమిస్టర్ ఆగడం అంటే ఇంటికెళ్లి మళ్లీ రావడం. మీకు అలా కాదు. కాబట్టి ముందు ఫీజుల లెక్క చూసే బర్సార్ ఆఫీసుకు మెయిల్ పెట్టండి. వాయిదాల్లో కట్టే ఏర్పాటు ఉందా, లేటు ఫీజు తీసేస్తారా, హోల్డ్ ఎన్నాళ్లు ఆపగలరు అని అడగండి. ఇది సాయం కోరడం కూడా కాదు, వాళ్ల రోజువారీ పనే. కోర్సులు తగ్గించుకుందామని అనిపిస్తే మాత్రం ముందు ఇంటర్నేషనల్ ఆఫీసు అనుమతి తీసుకోండి. తగ్గించాక చెబితే పనికిరాదు.

ఇక తిండి. చాలా క్యాంపస్‌లలో ఫుడ్ ప్యాంట్రీ అని ఉంటుంది. మిషిగన్ స్టేట్ యూనివర్సిటీ విద్యార్థులు 1993లోనే ఇలాంటిది తమకు తామే మొదలుపెట్టుకున్నారు. ఒక గది, నాలుగు అల్మారాలు, వాటిలో బియ్యం సంచులు, పాస్తా, పీనట్ బటర్, డబ్బాల్లో బీన్స్, టూనా చేప డబ్బాలు. స్టూడెంట్ కార్డు చూపిస్తే సాధారణంగా చాలు, ఆదాయం రుజువు అడగరు. శాకాహారులు టూనా డబ్బాను అల్మారాలోనే వదిలేసి శనగల డబ్బా తెచ్చుకోవచ్చు. కందిపప్పు కోసం మాత్రం ఆశపడకండి. ఇద్దరు రూమ్మేట్లు వారానికోసారి వెళ్లి వస్తే నెలలో కిరాణా ఖర్చు సగానికి దిగొచ్చు. ‘అక్కడికి వెళ్తే వీసాకు ఇబ్బంది అవుతుందేమో’ అన్న భయం ఒకటి మనవాళ్లలో ఉంది. ప్యాంట్రీ సరుకులు విరాళాలు, ప్రభుత్వం ఇచ్చే ఫుడ్ స్టాంపులు వేరు. ఫుడ్ స్టాంపులకు ఎఫ్-1 విద్యార్థి అర్హుడు కాడు, వాటి జోలికి వెళ్లకండి. ప్యాంట్రీకి నిశ్చింతగా వెళ్లండి.

ఉత్తరం రాసే పద్ధతి

దరఖాస్తులో ‘మీ పరిస్థితి వివరించండి’ అని ఒక పెట్టె ఉంటుంది. మనవాళ్లు దాన్ని నింపే తీరు దాదాపు ఒకటే. కోవిడ్ వల్ల నా కుటుంబం తీవ్ర ఆర్థిక సంక్షోభంలో ఉంది, నేను చాలా కష్టపడే విద్యార్థిని, నా జీపీఏ 3.8, దయచేసి ఎంతో కొంత సాయం చేయగలరు. ఇందులో నమ్మకూడనిదేమీ లేదు, కానీ పనికొచ్చేది కూడా ఏమీ లేదు. ఎంత కావాలో లేదు, ఎందుకో లేదు, ఎప్పటిలోగానో లేదు. జీపీఏ మెరిట్ స్కాలర్‌షిప్‌కు కావాలి, ఇక్కడ అక్కర్లేదు. ‘ఎంతో కొంత’ అంటే వినయం అనుకుంటాం. చదివే ఉద్యోగికి అది ఇంకో మెయిల్ పెట్టి అడగాల్సిన పని.

ఇంగ్లిషులో రాయాల్సిందే గానీ, లెక్క మాత్రం ముందు తెలుగులో ఒక కాగితం మీద వేసుకోండి. ఇలాంటి విద్యార్థి ఒకరున్నారనుకుందాం. మార్చి 20న డైనింగ్ హాల్ పని ఆగింది, నెలకు 720 డాలర్లు పోయాయి. అద్దెలో వాటా 350, కరెంటు ఇంటర్నెట్ కలిపి 40, కిరాణా 160, ఫోను 20. నెలకు 570. ఏప్రిల్, మే రెండు నెలలకు 1,140. బ్యాంకులో 410 ఉన్నాయి. మే నెలలో ఇంటి నుంచి పాతిక వేలు వస్తాయి, అంటే సుమారు 330 డాలర్లు. మిగిలిన లోటు 400.

ఇప్పుడు ఉత్తరం తనంతట తానే తయారవుతుంది. ‘మార్చి 20న క్యాంపస్ ఉద్యోగం ఆగిపోయింది. మా నాన్నగారి దుకాణం లాక్‌డౌన్‌లో మూతపడింది. మే నెలాఖరు వరకు నా ఖర్చు 1,140 డాలర్లు, నా దగ్గర ఉన్నదీ ఇంటి నుంచి రాబోయేదీ కలిపి 740. లోటు 400. మే 1 అద్దెలోగా అందితే సరిపోతుంది. ఉద్యోగం ఆగినట్టు సూపర్‌వైజర్ పెట్టిన మెయిల్, అద్దె ఒప్పందం, బ్యాంక్ స్టేట్‌మెంట్ జత చేశాను.’ ఆరు వాక్యాలు. సూపర్‌వైజర్ మెయిల్ అన్నిటికంటే విలువైన కాగితం, దాన్ని డిలీట్ చేయకండి. క్యాంపస్ మూతపడ్డ హడావుడిలో అలాంటి మెయిల్ రాకపోయి ఉంటే, ‘నా ఆఖరి పనిదినం ఏది’ అని మీరే అడిగి జవాబు తెప్పించుకోండి.

ఇక్కడ పైకి అనకపోయినా చాలామందిని ఆపే అనుమానం ఒకటుంది. ఐ-20 కోసం బ్యాంకు బ్యాలెన్సు చూపించాం కదా, ఇప్పుడు డబ్బు లేదంటే ‘అప్పుడు చూపించిందేమైంది’ అని అడగరా? అడగొచ్చు. మీరు చూపించింది సాధారణంగా మొదటి ఏడాది ఖర్చుకు సరిపడా. వచ్చాక ఏం మారింది అన్నదే మీ జవాబు. ఉద్యోగం పోయింది, కొట్టు మూతపడింది, ఇంట్లో ఆస్పత్రి ఖర్చు వచ్చింది. అత్యవసర నిధి ఉన్నది ఇలా అనుకోకుండా మారిన పరిస్థితి కోసమే. మొదటి నుంచీ లేని డబ్బును అది తెచ్చిపెట్టదు, అలా అడిగినా ఇవ్వరు. ఒకవేళ కన్సల్టెన్సీవాడు సర్దిపెట్టిన బ్యాలెన్సుతో వచ్చి ఉంటే, ఆ చిక్కు ఈ దరఖాస్తుతో తీరేది కాదు. దాన్ని దాచడానికి ఇంకో అబద్ధం రాయడం మాత్రం అస్సలు వద్దు.

ఇంటికి ఫోను సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. “తిన్నావా నాన్నా?” అని అమ్మ అడిగితే “తిన్నానమ్మా” అంటాం, ప్లేటులో ఏముందో చెప్పం. వాళ్లూ అక్కడ గాజులు కుదువపెట్టిన సంగతి చెప్పరు. రెండు వైపులా దాపరికం వల్ల లోటు లెక్క తప్పుతుంది. మీరు 400 కావాలని రాసిన వారానికే ఇంటి నుంచి లక్ష వచ్చి పడుతుంది, అదీ నెలకు రెండు రూపాయల వడ్డీకి తెచ్చింది. ఉత్తరం పంపే ముందు ఇంటికి ఫోన్ చేసి ‘మే నెలలో మీరు పంపగలిగింది ఎంత, అప్పు చేయకుండా’ అని సూటిగా అడగండి. ఆ చివరి మాట ముఖ్యం.

తొందరలో తొక్కే తప్పు దారులు

డబ్బు అందడానికి రెండు మూడు వారాలు పడుతుంది. ఆ మధ్యలో దగ్గర్లోని గ్యాస్ స్టేషన్‌లోనో, మోటల్‌లోనో, ఇండియన్ రెస్టారెంట్ వంటింట్లోనో చేతికి నగదిచ్చే పని దొరుకుతుంది. అనుమతి లేకుండా బయట పనిచేయడం ఎఫ్-1 స్టేటస్‌ను పోగొడుతుంది, అక్కడ మీ కష్టకాలం కథ ఎవరూ వినరు. చట్టబద్ధమైన దారి ఉంది, కాకపోతే నిదానం. ఒక పూర్తి విద్యా సంవత్సరం చదివినవాళ్లు, తమ చేతిలో లేని కారణంతో తీవ్ర ఆర్థిక ఇబ్బందిలో పడితే, బయట పనికి అనుమతి అడగొచ్చు. క్యాంపస్ ఉద్యోగం పోవడం, ఇంట్లో సంపాదన ఆగడం, రూపాయి విలువ బాగా పడిపోవడం, ఆస్పత్రి బిల్లులు, ఇవన్నీ కారణాలే. ఇంటర్నేషనల్ ఆఫీసు ఐ-20 మీద సిఫారసు రాయాలి, మీరు ఐ-765 ఫారం వేయాలి. 2020లో దాని రుసుము 410 డాలర్లు, లోటులో ఉన్నవాడికి అదో లోటు. తరగతులు జరిగే రోజుల్లో వారానికి 20 గంటలే. పని అనుమతి కార్డు చేతికొచ్చేదాకా పని మొదలుపెట్టకూడదు, అది రావడానికి నెలలు పట్టొచ్చు. అందుకే ఇబ్బంది ముదిరాక కాదు, మొదటి నెలలోనే ఆఫీసుతో మాట్లాడండి.

ఇంకొకటి, ఆ ఏడాది చాలామందిని తికమక పెట్టిన 1,200 డాలర్ల చెక్కు. ప్రభుత్వం ప్రజలకిచ్చిన ఆ ఉద్దీపన డబ్బు పన్ను లెక్కలో ‘నాన్ రెసిడెంట్’ అయినవాళ్లకు వర్తించలేదు, ఎఫ్-1 మీద వచ్చిన మొదటి అయిదు క్యాలెండర్ సంవత్సరాల్లో మనవాళ్లు సాధారణంగా ఆ కోవలోనే ఉంటారు. కానీ కొందరు అంతకుముందు తెలియక రెసిడెంట్లు వేసే 1040 ఫారం వేశారు. కంప్యూటర్‌కు వీళ్లు రెసిడెంట్లలాగే కనిపించారు, చెక్కు ఖాతాలో పడింది. “దేవుడే పంపాడు” అనుకుని ఖర్చుపెట్టినవాళ్లున్నారు. అర్హత లేని ఆ డబ్బును వెనక్కి పంపి, పాత రిటర్ను సరిచేయడమే సరైన పని. ‘గ్రాంటు మంజూరైంది, ముందు ప్రాసెసింగ్ ఫీజు కట్టండి’ అనే మెసేజ్‌ల గురించి ఎక్కువ చెప్పను. ఇచ్చేవాడు మీ దగ్గర పుచ్చుకోడు.

మనదేశంలోని బ్యాంకును మరిచిపోకండి. 2020 మార్చి 27న రిజర్వ్ బ్యాంకు మూడు నెలల మారటోరియం ప్రకటించి, తర్వాత ఆగస్టు 31 దాకా పొడిగించింది. చదువుకునే కాలంలో చాలా విద్యారుణాలకు అసలు కిస్తీ ఉండదు కాబట్టి మనకేం అనుకున్నారు కొందరు. ప్రతినెలా వడ్డీ కట్టే షరతు మీద అప్పు తీసుకున్న ఇళ్లకు అది పనికొచ్చింది, ఇల్లు తాకట్టు పెట్టి తెచ్చిన అప్పులకూ పనికొచ్చింది. అయితే మారటోరియం అంటే మాఫీ కాదు, వడ్డీ పెరుగుతూనే ఉంది. రెండు కోట్లలోపు రుణాలకు ఆ ఆరు నెలల వడ్డీ మీద పడ్డ వడ్డీని కేంద్రం భరించింది, విద్యారుణాలూ అందులో ఉన్నాయి. అంతే. అప్పులో ఇంకా తీసుకోని విడత మిగిలి ఉంటే, నాన్నను బ్యాంకుకు పంపి ఆ విడత ముందుగా విడుదల చేయగలరా అని అడిగించండి. దానికి యూనివర్సిటీ ఇన్‌వాయిస్ కావాలి, పోర్టల్‌లోంచి తీసి పంపండి.

మళ్లీ అడగడం

ఒక నిధి ‘లేదు’ అన్నాక ఆ సంగతి మనసులో రాయి మీద చెక్కినట్టు ఉండిపోతుంది. నిబంధనలు మాత్రం అలా ఉండవు. 2020 జులై 6న ఇమిగ్రేషన్ శాఖ, తరగతులన్నీ ఆన్‌లైన్‌లోనే ఉన్న విదేశీ విద్యార్థులు దేశంలో ఉండకూడదంది. రెండు రోజులకు హార్వర్డ్, ఎం.ఐ.టి. కోర్టుకెళ్లాయి. జులై 14న శాఖ ఆ మాట వెనక్కి తీసుకుంది. టికెట్లు బుక్ చేసుకున్నవాళ్ల డబ్బు వెనక్కి వచ్చిందో లేదో నిబంధనలు రాసినవాళ్లకు పట్టదు.

ఫెడరల్ సాయం సంగతీ అలాగే తిరిగింది. కాలిఫోర్నియా కమ్యూనిటీ కాలేజీలు ఏప్రిల్ నాటి షరతు మీద కోర్టుకెక్కి, జూన్‌లో తమ మట్టుకు దాన్ని ఆపించుకున్నాయి. 2020 డిసెంబరు 27న రెండో విడత, 2021 మార్చి 11న సుమారు 4,000 కోట్ల డాలర్లతో మూడో విడత వచ్చాయి. 2021 మే 11న, మిగెల్ కార్డోనా విద్యామంత్రిగా ఉండగా, శాఖ కొత్త నిబంధన ప్రకటించింది: అంతర్జాతీయ విద్యార్థులకు కూడా కాలేజీలు ఈ సాయం ఇవ్వొచ్చు. అంతేకాదు, 2020 మార్చి 13న గానీ ఆ తర్వాత గానీ చేరి ఉన్న ఎవరైనా అర్హులే, చదువు ముగించి వెళ్లినవాళ్లతో సహా. ‘ఇవ్వొచ్చు’ అంది, ‘ఇవ్వాలి’ అనలేదు. బాగా అవసరమున్నవాళ్లకు ముందు ఇవ్వమంది కాబట్టి కొన్ని కాలేజీల్లో మనవాళ్ల వంతు వచ్చేసరికి పెద్దగా మిగల్లేదు. అయినా తలుపు తెరుచుకుంది. 2020లో విన్న ‘మనకు రాదంట’ను 2021లోనూ నమ్మి ఊరుకున్నవాళ్లు, తమకు దక్కగలిగిన డబ్బుకు ఫారం కూడా నింపలేదు.

కాబట్టి ‘లేదు’ అని జవాబు వస్తే ఆ మెయిల్‌కే తిరుగు మెయిల్ పెట్టండి. నా దరఖాస్తు చూసినందుకు ధన్యవాదాలు. ఇది ఏ నిధి నుంచి? నాకు అడ్డమొచ్చిన షరతు ఏది? ఆ షరతు లేని ఇంకో నిధి మీ దృష్టిలో ఉందా? మూడో ప్రశ్నే అసలైనది. ఆ కుర్చీలో ఉన్నవాళ్లకు ఏ అల్మారాలో ఏముందో తెలుసు. అడిగితే చెబుతారు, అడక్కపోతే చెప్పాలని వాళ్లకు తోచదు.

మనదేశంలో చదివేవాళ్లకు

2021 మే 29న పీఎం కేర్స్ ఫర్ చిల్డ్రన్ పథకం ప్రకటించినప్పుడు టీవీల్లో అంతా అదే. ఇరవై మూడేళ్లు వచ్చేసరికి 10 లక్షల రూపాయలు, ఆరోగ్య బీమా, చదువుకు తోడ్పాటు. కానీ తల్లిదండ్రులు కోవిడ్‌తో పోయేనాటికి పిల్లల వయసు పద్దెనిమిదిలోపు ఉండాలన్నారు. తల్లిదండ్రులిద్దరూ పోయి ఉండాలి, లేదా అప్పటికి మిగిలిన ఒక్కరు పోయి ఉండాలి. నాన్నను మాత్రమే పోగొట్టుకున్న పందొమ్మిదేళ్ల ఇంజనీరింగ్ అమ్మాయికి అది రెండు విధాలా రాలేదు. “మనకు రాదంటమ్మా” అని మీసేవ కేంద్రంలో చెప్పి పంపేశారు. ఆ పథకం మట్టుకు వాళ్లు చెప్పింది నిజమే.

అదే అమ్మాయికి సాంకేతిక విద్యను చూసే ఏఐసీటీఈ వాళ్ల స్వనాథ్ స్కాలర్‌షిప్ ఉంది. తల్లిదండ్రుల్లో ఒక్కరు కోవిడ్‌తో పోయినా చాలు. ఏఐసీటీఈ గుర్తింపు ఉన్న కాలేజీలో డిగ్రీ గానీ డిప్లొమా గానీ చదువుతూ, కుటుంబ ఆదాయం ఏడాదికి 8 లక్షలు దాటకపోతే, ఏటా 50,000 రూపాయలు. నేషనల్ స్కాలర్‌షిప్ పోర్టల్ వైపు చూడాలి. మరణ ధ్రువపత్రంతో పాటు కోవిడ్ వల్లే పోయారని చూపే కాగితం కావాలి. 2021లో చాలా ఇళ్లలో లేనిది ఆ రెండో కాగితమే. ఆస్పత్రి డిశ్చార్జ్ సమ్మరీ, టెస్టు రిపోర్టు చేతిలో ఉంటే జిల్లా కమిటీకి దరఖాస్తు పెట్టి ఆ ధ్రువపత్రం తీసుకునే వీలు కల్పించారు. ఆ కాగితాలు బీరువాలో పారేయకుండా ఒక కవర్‌లో పెట్టండి, ఫోన్‌లో ఫొటో తీసి ఉంచండి.

డబ్బు వచ్చాక

మళ్లీ అమెరికా సంగతికి వస్తే, ఫెడరల్ కరోనా సాయం మీద పన్ను పడలేదు. కాలేజీ సొంత నిధి నుంచి ఎఫ్-1 విద్యార్థికి వచ్చే మొత్తాన్ని మాత్రం కొన్ని కాలేజీలు పన్ను పడే స్కాలర్‌షిప్‌గా చూసి ముందే 14 శాతం పట్టుకుంటాయి. 500 మంజూరైతే 430 వస్తుంది. విపత్తు సాయం కింద లెక్కేసి పట్టుకోని కాలేజీలూ ఉన్నాయి, అందుకే దరఖాస్తులోనే అడగండి, లోటు లెక్క దాన్నిబట్టి వేసుకోండి. పట్టుకున్నా పోయినట్టు కాదు. మరుసటి ఏడాది మార్చిలో 1042-ఎస్ అనే కాగితం వస్తుంది. భారత్-అమెరికా పన్ను ఒప్పందంలోని 21వ అధికరణం కింద మన విద్యార్థులకు స్టాండర్డ్ డిడక్షన్ వర్తిస్తుంది, చాలా దేశాల విద్యార్థులకు ఆ వెసులుబాటు లేదు. 2020కి అది 12,400 డాలర్లు. క్యాంపస్ జీతం, ఆ గ్రాంటు కలిపినా అంతకు లోపే ఉంటే, 1040-ఎన్‌ఆర్ ఫారం వేసినప్పుడు ఆ 70 డాలర్లు తిరిగి వస్తాయి. చిరునామా మారి ఉంటే 1042-ఎస్ పాత అపార్ట్‌మెంట్‌కు వెళ్తుంది కాబట్టి, ఇల్లు మారేటప్పుడు పోర్టల్‌లో చిరునామా మార్చుకోండి.